డాలరు, మిరపకాయ, నా సెమిస్టర్ ఫీజు

కరెన్సీ ట్రేడింగ్ మొదలుపెట్టాలనుకునే మిత్రులకు

మన హాస్టల్లో రాత్రి పదిన్నర దాటాక ఏ గదిలోకి తొంగిచూసినా ఒక ఫోన్‌లోనైనా ఎర్రవీ ఆకుపచ్చవీ కడ్డీలు కదులుతూ కనిపిస్తాయి. వాటిని క్యాండిల్స్ అంటారని ఇప్పుడు ఫస్టియర్ వాళ్ళకి కూడా తెలుసు. "నువ్వు ఫారెక్స్ చేశావంట కదా, కాస్త నేర్పవా?" అని ఈ ఏడాదిలో నన్ను అడిగినవాళ్ళు తక్కువేం లేరు.

చేశాను. 2025 మార్చి 7, శుక్రవారం రాత్రి ఏడింటికి కాస్త ముందు మొదలుపెట్టాను. ఏడూ నలభైకల్లా అయిపోయింది. పోయింది ముప్పై తొమ్మిది వేలు. అది నా డబ్బు కాదు. సెమిస్టర్ ఫీజు కట్టమని మా నాన్న పంపింది.

అందుకని ఈసారి మన పత్రికకి కవిత కాకుండా పాఠం రాస్తున్నా. కరెన్సీ ట్రేడింగ్ అంటే ఏమిటి, లెక్క ఎలా నడుస్తుంది, చట్టం ఏమంటుంది, అసలు అది ఎవరి కోసం పుట్టింది అనేవి వరసగా చెప్తాను. నాకు ఇవన్నీ డబ్బు పోయాక తెలిశాయి. మీకు ముందే తెలిస్తే మంచిదని.

జత అంటే ఏమిటి

మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. బట్టీల పక్కన చెట్లు కూడా తెల్లగా ఉంటాయి. ఊరు దాటి ఎటు వెళ్ళినా పత్తి, మిరప. మా నాన్న రెండెకరాల సొంతం, మూడెకరాల కౌలు కలిపి మిరప వేస్తాడు. కల్లంలో కాయ ఎండబెట్టి, టిక్కీలకెత్తి, సత్తెనపల్లి మీదుగా గుంటూరు యార్డుకి తోలతాడు. కాబట్టి నాకు తెలిసిన భాషలోనే చెప్తా.

యార్డులో "ధర ఎంత?" అని అడిగితే క్వింటాలుకి ఇన్ని రూపాయలని చెప్తారు. అంటే కాయని రూపాయలతో కొలుస్తున్నాం. కరెన్సీ మార్కెట్లో కాయ ఉండదు. ఒక దేశం డబ్బుని ఇంకో దేశం డబ్బుతో కొలుస్తారు. అందుకే అక్కడ ఏదైనా జతగానే ఉంటుంది. డాలరు-రూపాయి 87 అంటే, ఒక డాలరు అనే సరుకు 87 రూపాయలకి దొరుకుతుందని. యూరో-డాలరు 1.08 అంటే, ఒక యూరోకి ఒక డాలరూ ఎనిమిది సెంట్లు. ముందు రాసింది సరుకు, వెనక రాసింది దాని ధర చెప్పే డబ్బు. యూరో-డాలరు కొన్నాం అంటే యూరో కొని డాలరు అమ్మామని. రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి.

ఈ మార్కెట్ ఎంత పెద్దదో వింటే మొదట నాకు కళ్ళు తిరిగాయి. స్విట్జర్లాండ్‌లోని బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ మూడేళ్ళకోసారి లెక్క తీస్తుంది. 2022 ఏప్రిల్ లెక్క ప్రకారం రోజుకి 7.5 ట్రిలియన్ డాలర్ల వ్యాపారం. ప్రతి వంద లావాదేవీల్లో దాదాపు 88 లావాదేవీలకి ఒక పక్క డాలరే ఉంటుంది. "ఇంత పెద్ద సముద్రంలో మనకి ఒక చెంబెడు దొరకదా" అనుకున్నా. ఆ సముద్రంలో ఎక్కువగా ఈదేది బ్యాంకులు, పెద్ద ఫండ్‌లు, కంపెనీలు. ఆ సంగతి అప్పుడు ఆలోచించలేదు.

స్ప్రెడ్, పిప్, లాట్

యార్డు దగ్గర కాయ కొనే ధర ఒకటి, అదే కాయ చిల్లరగా అమ్మే ధర ఇంకొకటి. మధ్యలోది వ్యాపారి బతుకుతెరువు. కరెన్సీలోనూ అంతే. స్క్రీన్ మీద ఎప్పుడూ రెండు ధరలు ఉంటాయి. మనం అమ్మితే వచ్చేది తక్కువ ధర, మనం కొంటే ఇవ్వాల్సింది ఎక్కువ ధర. ఆ తేడా పేరు స్ప్రెడ్.

యూరో-డాలరు లాంటి జతల్లో నాలుగో దశాంశ స్థానంలో ఒక అంకె మార్పుని పిప్ అంటారు. 1.0800 నుంచి 1.0801 అయితే ఒక పిప్. వినడానికి ఎంత చిన్నదో చూడండి. ఎంత యూరో చేతిలో ఉందన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది. వెయ్యి యూరోల మీద ఒక పిప్ అంటే పది సెంట్లు. లక్ష యూరోల మీద అదే పిప్ పది డాలర్లు. ఒకసారి కొనే పరిమాణానికి లాట్ అని పేరు.

మన దేశపు ఎక్స్ఛేంజీల్లో డాలరు-రూపాయి ఫ్యూచర్స్ ఒక లాట్ అంటే వెయ్యి డాలర్లు. ధర కదిలే అతి చిన్న మెట్టు 0.0025 రూపాయి, అంటే పావు పైసా. వెయ్యి డాలర్ల మీద ఆ మెట్టు విలువ రెండున్నర రూపాయలు. డాలరు పావలా కదిలితే లాటుకి 250 రూపాయలు వస్తుంది లేదా పోతుంది. ఇంతవరకూ కూడికలు, తీసివేతలే. ఇందులో ఎవరూ మునగరు. మునిగేది తర్వాతి మెట్టు దగ్గర.

లీవరేజ్

ఫిజిక్స్‌లో మీట గురించి చదువుకున్నాం. చిన్న బలంతో పెద్ద బండని లేపొచ్చు. లీవరేజ్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. మన దగ్గర కొంచెం డబ్బు మార్జిన్‌గా తీసుకుని, దానికి ఎన్నో రెట్ల సరుకు మీద లాభనష్టాలు మన ఖాతాలో వేస్తారు. మీటతో బండని లేపినంత తేలిగ్గా, బండ జారితే మీట మన మొహాన తగులుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

నేను వాడిన యాప్ 1:500 ఇచ్చింది. అంటే ఒక డాలరు పెడితే 500 డాలర్ల సరుకు. మొత్తం వాడేసుకుంటే, ధర మనకి ఎదురుగా 0.2 శాతం కదిలితే చాలు, పెట్టిందంతా పోతుంది. యూరో-డాలరు ఒక మామూలు రోజున అర శాతం దాకా కదలడం వింతేం కాదు.

యూరప్‌లో మార్కెట్లని చూసే సంస్థ ఎస్మా 2018లో ఇలాంటి ఖాతాల లెక్కలు పరిశీలించింది. చిన్న మదుపరుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని తేలింది. దాంతో పెద్ద కరెన్సీ జతల మీద కూడా లీవరేజ్‌ని 30:1 దాటకూడదని హద్దు పెట్టింది. అక్కడ ప్రమాదమని ముప్పైకి ఆపినదాన్ని ఇక్కడ నాకు ఐదొందలకి ఇస్తే, నేను దాన్ని సౌకర్యం అనుకున్నా.

ఇంకో లెక్క. ఖాతాలో 450 డాలర్లు ఉన్నాయి. 80,000 యూరోల మీద పందెం కాస్తున్నాం. స్ప్రెడ్ ఒకటిన్నర పిప్ అనుకుందాం. ఒక పిప్ విలువ 8 డాలర్లు కాబట్టి ప్రతి ట్రేడ్‌కి 12 డాలర్లు ఖర్చు. ఇరవై సార్లు చేస్తే 240 డాలర్లు. అంటే మన అంచనా సగంసార్లు తప్పు, సగంసార్లు ఒప్పు అయి, గెలుపు ఓటములు సరిసమానమైనా, ఇరవై ట్రేడ్‌లకి సగం పైగా డబ్బు దారి ఖర్చుల కిందే పోతుంది. సగం పోయిన డబ్బుని మళ్ళీ మొదటికి తేవాలంటే యాభై శాతం లాభం సరిపోదు, వంద శాతం కావాలి. ఇది ప్రాబబిలిటీ పేపర్ రాసిన ఎవరికైనా తెలిసే విషయమే. నేను ఆ పేపర్ ఎనభై మార్కులతో పాసయ్యాను.

ఆ నలభై నిమిషాలు

నన్ను ఇందులోకి తెచ్చింది ఒక టెలిగ్రామ్ గ్రూపు. అందులో ఒక "సార్" ఉండేవాడు. కారు ఫొటోలు, లాభాల స్క్రీన్‌షాట్‌లు పెట్టేవాడు. మొదట డెమో ఖాతా తెరిచా. పదివేల ఉత్తుత్తి డాలర్లతో రెండు వారాల్లో పదమూడు వేలు చేశాను. డెమోలో చెయ్యి వణకదు. పోయినా అన్నం సహిస్తుంది. అది నా తెలివి అనుకున్నా.

తర్వాత అసలు ఖాతాలో ఐదు వేలు వేశాను. డబ్బు పంపాల్సింది ఎవరో మనిషి పేరున్న యూపీఐ ఖాతాకి. మరుసటిసారి ఇంకో పేరు. నేను రెండు వేలు వెనక్కి తీసుకున్నప్పుడు కూడా ఎవరో తెలియని మనిషి ఖాతా నుంచే వచ్చింది. అక్కడే ఆగి ఉండాల్సింది. కానీ డబ్బు వచ్చింది కదా అనే సంతోషంలో పేరు ఎవడు చూస్తాడు?

మార్చి మొదటి వారంలో నాన్న ఫీజు డబ్బు వేశాడు. కట్టడానికి ఇంకా పది రోజుల గడువుంది. ఆ వారమంతా యూరో పెరుగుతూనే ఉంది. "ఇంత పెరిగిందంటే ఇక పడాల్సిందే" అనుకున్నా. నాణెం ఐదుసార్లు బొమ్మ పడితే ఆరోసారి బొరుసే పడుతుందనుకోవడం ఎంత తప్పో, ఇదీ అంతే. నెల మొదటి శుక్రవారం అమెరికా ఉద్యోగాల లెక్కలు వస్తాయి. మన టైము ప్రకారం చలికాలంలో రాత్రి ఏడింటికి. సరిగ్గా దానికి ముందు, ఉన్న 450 డాలర్లతో 80,000 యూరోలు అమ్మాను.

450ని 8తో భాగించండి. 56 పిప్‌లు. అంటే యూరో అర శాతం పెరిగితే నా పని అయిపోయినట్టే. ఈ భాగహారం నేను ఆ రాత్రి ముందు చెయ్యలేదు, తర్వాత చేశాను.

లెక్కలు వచ్చాయి. కాసేపు అటూ ఇటూ ఊగింది. పైకి వెళ్ళింది. మళ్ళీ దిగుతుందని చూశాను. మెస్‌లో పెరుగు గిన్నె ముందు పెట్టుకుని ఫోన్ చూస్తున్నా. ఏడూ నలభైకి యాప్ తనంతట తనే నా ట్రేడ్‌ని మూసేసింది. ఖాతాలో కొన్ని సెంట్లు మిగిలాయి. పెరుగన్నం అలాగే వదిలేసి లేచాను.

నాన్న అడిగిన ప్రశ్న

ఆదివారం పొద్దున బస్సెక్కి ఊరెళ్ళాను. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేదు. నాన్న కల్లంలో కాయ తిరగేస్తున్నాడు. చెప్పాను. తిడతాడనుకున్నా. తిట్టలేదు. చేతులు దులుపుకుని గట్టు మీద కూచున్నాడు.

"ఏందిరా అది? ఏం కొన్నావు?"

"కొనలేదు నాన్నా, యూరో అమ్మాను."

"నీ దగ్గర ఉందా అది?"

"లేదు."

"లేంది ఎట్టా అమ్మావు?"

చెప్పాను. తగ్గితే లాభం, పెరిగితే నష్టం అని. కాసేపు ఆలోచించి ఇంకోటి అడిగాడు.

"మనకి కాయ ఉంది. ధర పడుద్దేమోనని నాకు భయం. కొనేవాడికి ధర పెరుగుద్దేమోనని భయం. ఇద్దరికీ ఒక కారణం ఉంది. నీకు ఏ పంట ఉందని ఆ ధరతో పని?"

నా దగ్గర సమాధానం లేదు. కరెన్సీ ట్రేడింగ్ మీద తర్వాత నేను చదివిందంతా ఆ ఒక్క ప్రశ్నకి సమాధానం వెతుక్కోవడమే.

ఆ ఏడాది మిర్చి ధర ఎంత దెబ్బతిన్నదో మన ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీము కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. నాన్న మంచి ధర కోసం ఆపుదామని కొన్ని టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. వాటిలో ఎనిమిది టిక్కీలు అప్పుడే అమ్మేసి నా ఫీజు కట్టాడు. ఎనిమిది టిక్కీలు అంటే మూడు క్వింటాళ్ళు దాటిన కాయ. నారు పోసిన రోజు నుంచి లెక్కేస్తే ఆరేడు నెలల పని.

పంట ఉన్నవాడి లెక్క

ఆ వేసవిలో నాన్నతో గుంటూరు వెళ్ళినప్పుడు, మాకు బాబాయి వరసయ్యే ఒకాయన దగ్గర రెండు రోజులున్నాను. ఆయన ఒక మిర్చి ఎగుమతి వ్యాపారి దగ్గర గుమాస్తా. మా సంగతి విని, కాగితం తీసి ఒక లెక్క వేసి చూపించాడు. ఇక్కడ అంకెలు తేలిగ్గా ఉండేలా మార్చి చెప్తున్నా.

వ్యాపారి విదేశానికి 50,000 డాలర్ల మిర్చి అమ్మడానికి ఒప్పుకున్నాడు. డబ్బు రెండు నెలల తర్వాత వస్తుంది. ఈరోజు డాలరు 87. అంటే 43 లక్షల 50 వేలు. కాయ కొనడం, తొడిమలు తీయించడం, ప్యాకింగ్, రవాణా అన్నీ కలిపి 42 లక్షల 50 వేలు ఖర్చు. మిగిలేది లక్ష.

రెండు నెలల్లో డాలరు 85.50కి వచ్చిందనుకోండి. చేతికొచ్చేది 42 లక్షల 75 వేలు. లక్ష లాభం పాతిక వేలయింది. 84.50కి పడితే ఎదురు పాతిక వేల నష్టం. కాయలో తేడా లేదు, కొన్నవాడు మాట తప్పలేదు. అయినా నష్టం. ఇదీ ఆయన "పంట". దీన్నే ఎక్స్‌పోజర్ అంటారు. ధర మారితే నిజంగానే దెబ్బ తగిలే చోట ఉండడం.

అందుకని ఆయన ఈరోజే బ్యాంకుకి వెళ్ళి, రెండు నెలల తర్వాత 50,000 డాలర్లు 87.30 చొప్పున అమ్ముతానని ఒప్పందం చేసుకుంటాడు. అది ఫార్వర్డ్ కాంట్రాక్టు. ఇక డాలరు ఎటుపోయినా ఆయనకి వచ్చేది 43 లక్షల 65 వేలు. డాలరు 89కి పెరిగితే వచ్చే అదనపు లాభం ఆయనకి దక్కదు. "దక్కకపోతే పోయిందిలే, రాత్రి నిద్రపడుద్ది గదా" అన్నాడు బాబాయి. ఇదే పని బ్యాంకులో కాకుండా ఎక్స్ఛేంజీలో యాభై లాట్ల డాలరు ఫ్యూచర్స్ అమ్మి కూడా చెయ్యొచ్చు. ఇలా దెబ్బని ముందే కాచుకోవడానికి హెడ్జింగ్ అని పేరు.

నేనూ అమ్మాను, ఆయనా అమ్మాడు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆయన అమ్మాక ఆయన ప్రమాదం తగ్గింది. నేను అమ్మాక, అప్పటిదాకా లేని ప్రమాదం నాకు పుట్టింది.

ఇంతకీ 87 ఉన్న డాలరుకి 87.30 ఎందుకిస్తారు? బ్యాంకు డాలరు పెరుగుతుందని జోస్యం చెప్తోందా? కాదు. రెండు దేశాల వడ్డీ రేట్ల తేడా అది. ఉదాహరణకి మన దగ్గర ఏడాది వడ్డీ 6.5 శాతం, అమెరికాలో 4.5 శాతం అనుకోండి. ఈరోజు డాలరు 85 అయితే ఏడాది ఫార్వర్డ్ ధర 85 × 1.065 ÷ 1.045, అంటే దాదాపు 86.63. అలా లేకపోతే ఒక దేశంలో అప్పు తెచ్చి ఇంకో దేశంలో వేసి ఊరికే డబ్బు సంపాదించొచ్చు. "ఫార్వర్డ్ ధర పెరిగింది కాబట్టి డాలరు పెరుగుతుంది" అని ఎవరైనా గ్రూపులో పెడితే ఈ సూత్రం గుర్తుతెచ్చుకోండి.

పత్తికి కూడా ఒక లెక్క చెప్పుకుందాం. ప్రపంచ పత్తి ధర న్యూయార్క్‌లో పౌనుకి ఇన్ని సెంట్లని పలుకుతుంది. మన జిన్నింగ్ మిల్లులు దూదిని 356 కిలోల క్యాండీ లెక్కన అమ్ముతాయి. క్యాండీ అంటే దాదాపు 785 పౌన్లు. పౌను 70 సెంట్లయితే క్యాండీ దాదాపు 549 డాలర్లు. డాలరు ఒక్క రూపాయి కదిలితే క్యాండీ విలువలో 549 రూపాయల తేడా. డాలరు పెరిగితే వ్యాపారి రైతుకి కాస్త ఎక్కువ ఇవ్వగలడు. ఇస్తాడని కాదు. పంట ఎంత వచ్చింది, కోల్డ్ స్టోరేజీల్లో సరుకు ఎంతుంది, బయటి దేశాలు కొంటున్నాయా లేదా అన్నవి కూడా ధరని నిర్ణయిస్తాయి. కానీ కల్లంలో కూచున్న మా నాన్నకి డాలరుతో సంబంధం ఉందని, హాస్టల్లో యూరో అమ్మిన నాకు లేదని అప్పుడు అర్థమైంది.

రూపాయి ఎవరి మాటా వినదు

"చార్టు చదవడం వస్తే చాలు" అనేవాళ్ళ కోసం కొంచెం చరిత్ర.

1966 జూన్ 6న ప్రభుత్వం ఒక్క నిర్ణయంతో డాలరుని 4.76 రూపాయల నుంచి 7.50కి మార్చింది. 1991లో విదేశీ మారకద్రవ్యం అడుగంటినప్పుడు, పి.వి. నరసింహారావు ప్రధాని అయిన రెండు వారాల్లోపే, జులై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్‌కి పంపి తాకట్టు పెట్టింది. 1993 మార్చి నుంచి రూపాయి ధరని మార్కెట్‌కి వదిలారు. అలా వదిలాకే ఎగుమతిదారుకి పైన చెప్పిన భయం రోజువారీ భయమైంది. దాన్ని కాచుకునే సాధనాలూ కావాల్సి వచ్చాయి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో డాలరు-రూపాయి ఫ్యూచర్స్ 2008 ఆగస్టు 29న మొదలయ్యాయి. అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ కడప జిల్లాకి చెందిన వై.వి. రెడ్డి. వారం తర్వాత ఆయన స్థానంలోకి వచ్చింది ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు.

సుబ్బారావు పదవీకాలం చివర్లో ఏమైందో చూడండి. 2013 మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు బెర్నాంకే, బాండ్ల కొనుగోళ్ళు తగ్గించే అవకాశం ఉందని ఒక మాట అన్నాడు. డబ్బు మన దేశం నుంచి వెనక్కి పోవడం మొదలైంది. మేలో 55 దగ్గరున్న డాలరు ఆగస్టు 28కి 68 దాటింది. ఆ రాత్రే రిజర్వ్ బ్యాంకు చమురు కంపెనీలకి నేరుగా డాలర్లిచ్చే ఏర్పాటు ప్రకటించింది. నిల్వలూ, లెక్కలూ, నిపుణులూ అన్నీ చేతిలో ఉన్న రిజర్వ్ బ్యాంకుకే ఆ మూడు నెలలు చెమటలు పట్టించాయి. మూడు క్యాండిల్స్ చూసి "ఇక పడాల్సిందే" అన్న నా నమ్మకం ఎంతటిదో మీరే ఆలోచించండి.

చట్టం ఏమంటుంది

ఇది జాగ్రత్తగా చదవండి. ఎందుకంటే ఇది నాకు అసలు తెలియదు.

మన దేశంలో విదేశీ మారక లావాదేవీలన్నీ 1999 నాటి ఫెమా చట్టం కిందికి వస్తాయి. అనుమతి ఉన్నవాళ్ళతోనే, అనుమతించిన పనుల కోసమే చెయ్యాలి. ఆన్‌లైన్లో చేస్తే, రిజర్వ్ బ్యాంకు అనుమతించిన ప్లాట్‌ఫారంల మీద గానీ సెబీ గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల మీద గానీ చెయ్యాలి. చదువుకో, ప్రయాణానికో విదేశాలకి డబ్బు పంపుకునే పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. కానీ విదేశీ ట్రేడింగ్ సంస్థకి మార్జిన్ కట్టడానికి ఆ దారి వాడకూడదు. ఉల్లంఘిస్తే అందులో ఉన్న మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అంటే నేను పోగొట్టుకున్నదే కాదు, చేసింది కూడా తప్పే.

2022 సెప్టెంబరు 7న రిజర్వ్ బ్యాంకు అనుమతి లేని ఫారెక్స్ యాప్‌లు, వెబ్‌సైట్‌ల పేర్లతో హెచ్చరిక జాబితా విడుదల చేసింది. మొదట 34 పేర్లు. తర్వాత ఇంకా చేరుస్తూ వచ్చింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా చెప్పింది.

"సరే, మన ఎక్స్ఛేంజీలోనే చేస్తా" అంటారా? 2024 జనవరి 5న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. అది అదే ఏడాది మే 3 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రూపాయి ఉన్న జతల్లో కాంట్రాక్టు తీసుకునేవాడికి నిజమైన ఎక్స్‌పోజర్ ఉండాలి. పది కోట్ల డాలర్ల లోపు అయితే ముందుగా కాగితాలు చూపించక్కర్లేదు. కానీ అడిగితే ఎక్స్‌పోజర్ ఉందని చెప్పగలిగి ఉండాలి. ఊరికే పందెం కోసం వచ్చేవాడికి అక్కడ చోటు లేదు.

ఆ సర్క్యులర్ చదువుతుంటే నాకు కల్లంలో గట్టు గుర్తొచ్చింది. "నీకు ఏ పంట ఉందని?"

మొదలుపెట్టేవాళ్ళకి నా మాట

ఒకటి. డబ్బు ఎవరి ఖాతాకి పోతోందో పేరు చూడండి. సంస్థ అని చెప్పి మనుషుల పేర్ల మీద డబ్బు తీసుకుంటే అక్కడే ఆపండి. వెనక్కి వచ్చే డబ్బు కూడా ప్రమాదమే. మా బ్లాక్‌లో ఒక సీనియర్‌కి ఇలాగే వచ్చిన నాలుగు వేలు ఎవరో మోసపోయిన మనిషివని తేలింది. ఆ అన్న బ్యాంకు ఖాతా స్తంభింపజేశారు. దానివల్ల స్కాలర్‌షిప్ కూడా ఆగిపోయింది.

రెండు. "మీ లాభం తీసుకోవాలంటే ముందు పన్ను కట్టండి" అంటే అది పన్ను కాదు, మోసం. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. అనుమతి లేని సంస్థల మీద రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్లో ఫిర్యాదు చెయ్యొచ్చు.

మూడు. షేర్ మార్కెట్ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి దూకుదాం అనుకునేవాళ్ళు సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం చూడండి. మూడేళ్ళలో అందులో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. అందరి నష్టం కలిపి లక్షా ఎనభై వేల కోట్లు దాటింది.

నాలుగు. నేర్చుకోవడం మానొద్దు. రేపు మనలో చాలామంది డాలర్లలో సంపాదించే కంపెనీల్లో పనిచేస్తాం. కొంతమంది విదేశాల్లో చదవడానికి డాలర్లలో అప్పు చేస్తాం. అప్పుడు మనకీ ఎక్స్‌పోజర్ ఉంటుంది. డాలరు రెండు రూపాయలు పెరిగితే నలభై వేల డాలర్ల చదువు ఖర్చు ఎనభై వేల రూపాయలు పెరుగుతుంది. ఆ లెక్క తెలిసినవాడు అప్పు తీసుకునే ముందే జాగ్రత్తపడతాడు. రోజూ సాయంత్రం డాలరు ధర ఒక నోటు పుస్తకంలో రాసి, పక్కన ఆరోజు ఎందుకు కదిలిందో ఒక వాక్యం రాయండి. చమురు ధర, అమెరికా వడ్డీ, విదేశీ మదుపు రాకపోకలు, రిజర్వ్ బ్యాంకు జోక్యం, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. నేను గత వేసవి నుంచి రాస్తున్నా. రేపు ఏమవుతుందో నా అంచనా కూడా పక్కన రాస్తున్నా. ఇప్పటిదాకా తప్పులే ఎక్కువ. నోటు పుస్తకంలో తప్పుకి ఖర్చు ఒక గీత సిరా.

మొన్న సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ పుస్తకం బల్ల మీద వదిలేశాను. నాన్న తిరగేశాడు. అన్ని పేజీలూ చూసి, "దీంట్లో కాయ ధర కూడా రాయొచ్చుగా" అన్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయనకి ఫోన్ చేసి యార్డు ధర కనుక్కుంటున్నా. డాలరు పక్కన ఇంకో గడి గీశాను.